చిగుళ్ళు నిలబెట్టుకున్న ఏడాది

నెత్తురు మొదటిసారి కనబడ్డది నోట్లో కాదు, క్లారినెట్ మీద. 1948 ఎండాకాలం, పెళ్ళిళ్ళు జోరుగా ఉన్న నెల. సీతాఫల్‌మండిలో ఒక ఊరేగింపు ముగించి, అరుగు మీద కూర్చుని వాయిద్యం విప్పి తుడుచుకుంటున్నాను. నోట్లో పెట్టుకునే కొసకు బిగించే పలచని రెల్లు పేడు, అదే రీడు, ఎర్రగా ఉంది. పాన్ మరక అనుకున్నాను. నాకు పాన్ అలవాటు లేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. ఈమధ్య తోటి బాజావాళ్ళు కొందరు నోరు తెరిచి చూపించి, "నాకు సుత గట్లనే అయితదా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం కంటే రాసిపెడితే మేలనిపించింది. వైద్యం నాకు తెలియదు. నాకేమయిందో మాత్రం తెలుసు.

నా పేరు హుసేన్. మాది రెజిమెంటల్ బజార్. తాతల నాడు దూదేకేవాళ్ళం. మా నాయన సన్నాయి పట్టాడు, నేను క్లారినెట్ పట్టాను. మేం నమాజు చదివేవాళ్ళమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు. దానయ్య మాస్టరు నడిపే పెళ్ళి బ్యాండులో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఇంట్లో అమ్మ, నా భార్య ఖాసింబీ, నేను. చెల్లెలు మాబీని మెదక్ వైపు ఒక పల్లెలో ఇచ్చాం.

క్లారినెట్ గురించి ఒక ముక్క చెప్పాలి. దాని కొస మీద పై పళ్ళు ఆనాలి, కింది పెదవి కిందినుంచి పట్టుకోవాలి. ఊదేది ఊపిరే అయినా వాయిద్యాన్ని కదలకుండా నిలబెట్టేవి ముందరి పళ్ళు. అవి పోతే ఊపిరి ఎంత ఉన్నా లాభం లేదు.

బాజావాళ్ళకు తీపి కరువుండదు. పెళ్ళివారి విస్తట్లో ముందు పడేది లడ్డూయో బూరెయో. దాని మీద నాకు ఇంకో అలవాటు ఉండేది. గొంతు ఎండకుండా ఊరేగింపు పొడుగునా బుగ్గన ఒక పటికబెల్లం ముక్క పెట్టుకునేవాణ్ణి. మామిడి కాలమైతే తాండ్ర ముక్క. అది కరిగేలోపు ఇంకొకటి. ఇంటికొచ్చి అలసిపోయి అలాగే పడుకునేవాణ్ణి. పొద్దున లేచి బొగ్గుపొడి, గల్లుప్పు కలిపి పళ్ళు గట్టిగా తోమేవాణ్ణి. నెత్తురు కనబడ్డాక ఇంకా గట్టిగా తోమాను. మురికి ఉందేమో, పోవాలి కదా అనుకున్నాను. పళ్ళ మొదళ్ళలో గార కట్టి పసుపుపచ్చగా ఉండేది. మా నాయనకూ మాబీకీ అలాగే ఉండేది కనుక అదొక జబ్బని తోచలేదు.

*

ఆ ఏడు రంజాను వానలతో పాటు వచ్చింది. ఉపవాసంలో నోటి వాసన ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే నా వాసనను ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క ఖాసింబీకి తెలిసింది. ఆమె చాప కొంచెం జరిపి వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ నెలంతా మా మధ్య ఆ జానెడు జాగా అట్లాగే ఉండిపోయింది.

పండుగనాడు అమ్మ షీర్‌ఖుర్మా వండింది. ఖర్జూరాలు, సేమియా, పాలు, చక్కెర. నేను మూడు గిన్నెలు తాగాను. మూడో గిన్నెలో ఖర్జూరం ముక్క కొరికితే కుడివైపు దవడపన్ను ఊగింది. నాలుకతో తోస్తే బయటికి వంగింది. పొద్దు వాలేసరికి బుగ్గ ఉబ్బింది.

మర్నాడు స్టేషన్ దారిలో, గోడకానుకుని పటకారు పెట్టుకుని కూర్చునే ఒకతని దగ్గరికి పోయాను. అతను పన్ను పీకి, దూది కుక్కి పంపించాడు. పన్ను తేలికగానే వచ్చింది, నానిన మట్టిలోంచి పుల్ల లాగినట్టు. నెత్తురు మాత్రం రెండు రోజులు ఆగలేదు. బట్టలన్నీ అవే మరకలు. ఖాసింబీ వాటిని అమ్మకు కనబడకుండా ఉతికేది.

మాస్టరుకు మాత్రం కనబడకుండా దాచలేకపోయాను. శ్రావణంలో ఒక పెళ్ళికి పోయాం. పాట నడుమ పైస్వరం దగ్గర నాకు గాలి జారింది. పిల్లి అరిచినట్టొచ్చింది. ఎవరో నవ్వారు. ముగిశాక మాస్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"నోరు తెరువు."

తెరిచాను. ఆయన బట్టల కొట్టు దీపం వెలుగులో చూసి, చూపుడువేలితో ముందరి పన్ను ఒకటి మెల్లగా కదిపాడు. అది కదిలింది.

"ఎన్నిరోజుల సంది?"

"ఎండాకాలం సంది, మాస్టరు."

"మరి చెప్పవేంది?"

"చెప్తే ఇంకొకర్ని పెట్టుకుంటరని."

ఆయన ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు. "పెట్టుకునుడైతే పెట్టుకోవాలె హుసేనూ. అబద్ధమెందుకు చెప్త. కార్తీకం దాకా ఆగుత. అప్పటికి మంచిగ చేసుకో" అన్నాడు.

కార్తీకానికి మూడు నెలలుంది. కానీ ఆ మూడు నెలలు మా చేతుల్లో లేవు.

*

సెప్టెంబరులో ఇండియా సైన్యం వస్తోందన్నారు. అంతకు ముందునుంచే ఊరు బిగుసుకుపోయి ఉంది. బజారులో నా పేరు విన్నవాళ్ళు నన్నొక పక్క లెక్కగట్టేవాళ్ళు, నా మాట విన్నవాళ్ళు ఇంకో పక్క లెక్కగట్టేవాళ్ళు. నేను రెండిటికీ జవాబు చెప్పకుండా నడవడం నేర్చుకున్నాను. విమానాలు తిరిగిన ఆ వారంలో నాకు చిగురు లోపల చీముగడ్డ లేచింది. ముందరి పళ్ళ పైన, సరిగ్గా ముక్కు కింద. జ్వరం వచ్చింది. కళ్ళు సగం మూసుకుపోయాయి.

దుకాణాలు మూసేశారు. డాక్టర్లు ఎక్కడున్నారో తెలియదు. ఇంట్లో ఉన్నది ఉప్పు, లవంగాలు, నీళ్ళు. అమ్మ గంటకోసారి ఉప్పునీళ్ళు కాచి ఇచ్చేది. పుక్కిలిస్తే నొప్పి కొంచెం తగ్గి మళ్ళీ వచ్చేది. బయట ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలన్న ఆత్రం కూడా నాకు లేకపోయింది. జనమంతా రాజ్యం ఎటు పోతుందోనని భయపడుతుంటే నేను నాలుగు పళ్ళ గురించి భయపడ్డాను. ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అమ్మ భయం వేరే. మాబీ పల్లెనుంచి కబురు లేదు. పల్లెల్లో మాలాంటి పేర్లున్నవాళ్ళ ఇళ్ళ మీద పడుతున్నారని మాటలు వినబడుతున్నాయి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని బెల్లం పాకం పట్టి నువ్వుండలు చుట్టింది. "బిడ్డ ఒచ్చినంక ఆకలిగొంటది" అంది. మాబీ రాలేదు. మరునాడు మళ్ళీ చుట్టింది.

గడ్డ దానంతటదే పగిలింది. నోరంతా ఉప్పగా, చేదుగా అయింది, జ్వరం దిగింది. ఈలోపు అన్నీ అయిపోయాయని, నిజాం సైన్యం లొంగిపోయిందని, వీధుల్లో జెండాలు కట్టారని ఖాసింబీ చెప్పింది. ఊరేగింపులకు బాజాలు వాయిస్తున్న చప్పుడు దూరం నుంచి వినబడింది. అందులో క్లారినెట్ ఎవరు వాయిస్తున్నారోనని కాసేపు విన్నాను.

*

నాలుగైదు రోజులాగి, ముఖానికి తువ్వాల చుట్టుకుని, పళ్ళ డాక్టరును వెతుక్కుంటూ బయల్దేరాను. బజారులో ఒక ముసలి డాక్టరు మేడమీద గదిలో చూస్తాడని విన్నాను. మూల తిరగ్గానే ఇద్దరు జవాన్లు ఆపారు. నా వెనక నలుగురు జనం పోగయ్యారు. "మొకం దాచుకొని ఎటు పోతున్నడు?" అని ఎవరో అన్నారు. ఆ రోజుల్లో ముఖం దాచుకునేది పట్టుబడతామన్న భయంతో తిరిగేవాళ్ళే.

జవాన్లలో ఒకతను తెలుగువాడు. కోస్తా మాట.

"ఏమయ్యా, ఆ మొహానికి గుడ్డేంటి? తియ్యి."

తీశాను.

"పేరేంటి?"

"హుసేన్."

వెనక మాటలు ఆగిపోయాయి. "పళ్ళ నొప్పి సాబ్. డాక్టరు తానికి పోతున్న" అన్నాను.

"నోరు తెరువు."

తెరిచాను. అతను వంగి చూశాడు. వాసనకు ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మళ్ళీ దగ్గరికొచ్చి, ఇంకా జాగ్రత్తగా చూశాడు.

"మా నాన్నకీ ఇంతే. యాభై నిండకుండానే పళ్ళన్నీ ఊడి గంజి తాగి బతికాడు" అన్నాడు. జనం వైపు తిరిగి, "ఏం లేదు, వెళ్ళండి" అన్నాడు. మేడమెట్ల దాకా నా పక్కన నడిచి, నేను ఎక్కేదాకా కిందే నిలబడ్డాడు. అతని పేరు నేనడగలేదు. అడగాల్సింది.

పైన బల్లమీద అయిదారుగురున్నారు. ఒక రైల్వే గార్డు, బురఖాలో ఒకామె, ఒక బట్టల వ్యాపారి, వాళ్ళమ్మను తీసుకొచ్చిన ఒక కాలేజీ పిల్ల. అందరి చేతులూ దవడల మీదే. కిందటి వారమైతే వీళ్ళలో కొందరు ఒకరి వీధిలోకి ఒకరు పోయేవాళ్ళు కాదు. ఆ బల్లమీద మాత్రం అందరూ ఒకరికొకరు జాగా ఇచ్చుకుని కూర్చున్నారు. లోపల్నుంచి ఎవరైనా మూలిగితే బయట అందరి ముఖాలూ ఒకేసారి ముడుచుకునేవి. గార్డు తన దగ్గరి లవంగాలు అందరికీ తలా ఒకటి పంచాడు. బురఖా ఆమె కూడా చెయ్యి చాపి తీసుకుంది.

డాక్టరు తమిళాయన, సికింద్రాబాదులోనే పుట్టి పెరిగినవాడు. అద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"పండ్లకు పురుగు లేదు. పండ్లు మంచిగనే ఉన్నయ్. కింద నేల కుళ్ళింది. ముందర పైవి నాలుగు పీకాలె."

"పీకితే నా బతుకు పోతది సాబ్" అని క్లారినెట్ సంగతి చెప్పాను.

ఆయన అద్దం కింద పెట్టాడు. "ఏం తింటవ్?" అన్నాడు. పటికబెల్లం, తాండ్ర, లడ్డూలు, బొగ్గుపొడి, అన్నీ చెప్పాను. బొగ్గుపొడి మాట రాగానే ముఖం చిట్లించాడు.

"తీపి అందరు తింటరు. నేను సుత తింట. నువ్వు తినలేదు, దినమంత నోట్ల నానబెట్టినవ్. మీద గార కట్టింది, ఆ గార చిగురును తోసింది. నువ్వు బొగ్గు రుద్ది ఉన్న చిగురును గీకినవ్." అద్దం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "పెండ్లిళ్ళు ఎప్పుడు?" అన్నాడు.

"కార్తీకంల."

"కాదు. మాఘం దాకా క్లారినెట్ ముట్టకు. వారం వారం రా, గార తీస్త. నిలబడితే నిలబడతయ్. నేను మాట ఇయ్యను."

గార తీయడం ఎలా ఉంటుందంటే, ఎవరో మన పుర్రె లోపల కూర్చుని గిన్నె అడుగు గీకుతున్నట్టుంటుంది. అంతకంటే చెప్పను. పీకడం కంటే నయం, అంతే.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. తీపి తినాలంటే అన్నంతో పాటు తినాలి, నడుమ నడుమ కాదు. తిన్న వెంటనే నోరు బాగా పుక్కిలించాలి. బొగ్గు, ఇటుకపొడి మానేసి, మెత్తటి బ్రష్షుతోనో బాగా నమిలిన వేపపుల్లతోనో చిగురు నుంచి పన్ను కొస వైపు మెల్లగా తోమాలి. పడుకునే ముందు తప్పకుండా తోమాలి, ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. నెత్తురు వస్తోందని తోమడం మానకూడదు. ఇంత చిన్న సంగతులకు ముప్పై నాలుగేళ్ళు ఎలా పట్టాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

*

ఆ ఏడు దసరా, బక్రీదు పక్కపక్కనే వచ్చాయి. ఎదురింటి వాళ్ళు సకినాలు, గరిజెలు పంపారు. ఈసారి పంపరేమో అనుకున్నాం. పళ్ళెం మీద గుడ్డ కప్పి, ఎప్పటిలాగే ఎదురింటామె స్వయంగా తెచ్చి ఇచ్చింది. అమ్మ ఆ పళ్ళెంలోనే సేమియా పాయసం గిన్నె పెట్టి తిరిగి పంపింది.

బక్రీదు నాడు మా ఇంట్లో ఒక గొడవ అయింది. అమ్మ నువ్వుండ నా చేతిలో పెట్టింది. పొద్దున పదకొండు గంటలప్పుడు, అన్నానికి ముందు. నేను తీసి గిన్నెలో పెట్టాను.

"ఇప్పుడొద్దమ్మా. అన్నం తిన్నంక తింట."

"ఎప్పటి సంది?"

"డాక్టరు చెప్పిండు గదా."

"నా చేతి ఉండ తింటే పండ్లు పోతయని చెప్పిండా?"

"గట్ల కాదు."

"మీ నాయన తిన్నడు, నేను తిన్న. అందరం తిన్నం. బిడ్డ యాడున్నదో తెల్వది, కొడుకేమో నేను చేసింది ముట్టడు. నేనెవరికోసం చెయ్యాలె?"

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. ఖాసింబీ నావైపు చూసి తల ఊపింది. తినేయమన్నట్టా, వద్దన్నట్టా తెలియలేదు. నేను తినలేదు. ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

పంతం కోసం తినకపోవడం కాదు. ఆ రోజు తింటే రేపు కూడా తింటానని నాకు తెలుసు.

రెండు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెట్టి, కంచంలో ఒక మూలన నువ్వుండ పెట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. నేను తిన్నాను, పుక్కిలించాను. అంతటితో అయిపోయింది. ఖాసింబీ చాప ఎప్పుడు మళ్ళీ దగ్గరికి జరిగిందో కూడా గమనించలేదు. ఒక తెల్లవారుజామున మెలకువొస్తే జానెడు జాగా లేదు.

దీపావళి వారంలో మాబీ వచ్చింది, మొగుడితో, ఎడ్లబండి మీద. వాళ్ళ ఊళ్ళో పక్కింటివాళ్ళు వాళ్ళిద్దరినీ పది రోజులు ధాన్యం గదిలో దాచి, తలుపు ముందు తమ మంచం వేసుకుని పడుకున్నారట. మాబీ అది చెబుతూ రెండు నువ్వుండలు తినేసింది. అమ్మ ఊరికే ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

కార్తీకంలో మాస్టరు ఇంకో క్లారినెట్ అతన్ని తెచ్చుకున్నాడు. నాకు చెప్పడానికి ఇంటికొచ్చాడు. "కూసుంటే చేతులు మర్చిపోతయ్. తాళాలు పట్టు" అన్నాడు. ఆ కాలమంతా నేను ఊరేగింపుల్లో చివరి వరుసలో తాళాలు కొట్టాను. కొత్తతను మంచి వాయిద్యగాడు. నా పాటలు అతని నోట వింటూ నడిచాను. బుగ్గన ఏమీ లేకుండా అంత దూరం నడవొచ్చని అప్పుడే తెలిసింది.

*

మాఘంలో డాక్టరు నన్ను వాయిద్యం తెమ్మన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, "ఊదు" అన్నాడు. అయిదు నెలల తర్వాత కొస మీద పళ్ళు ఆన్చాను. చిన్న ముక్క వాయించాను. బయట బల్లమీద మాటలు ఆగాయి. డాక్టరు వెంటనే నోరు తెరిపించి, ప్రతి పన్నూ వేలితో కదిపి చూశాడు.

"మూడు గట్టిగున్నయ్. ఒకటి కొంచెం ఆడుతది. అది గట్లనే ఉంటది. రెండు గంటలు మించకు."

వెనక దవడపన్ను ఇంకొకటి అంతకు ముందే తీసేశాడు. మొత్తం రెండు పోయాయి. చిగుళ్ళు కొంచెం వెనక్కి జరిగి, పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. పైస్వరం మునుపటంత పదునుగా రాదు. మాస్టరుకు ఆ సంగతి తెలుసు. నా కోసం పాటలు కొంచెం కిందికి దింపి కట్టాడు.

ఆ మాఘంలోనే మాబీ పురిటికి వచ్చింది. ఉగాదికి నెలలు నిండొచ్చాయి. ఒక పొద్దున బాయి దగ్గర పళ్ళు తోముకుంటూ ఉమ్మితే నెత్తురు పడ్డది. చూస్తే చిగుళ్ళు ఉబ్బి, పళ్ళ మధ్య ఎర్రగా పొంగి ఉన్నాయి.

"గదేం కాదే. కడుపుతోనున్నప్పుడు గట్లనే అయితది" అంది అమ్మ.

నేను వినలేదు. రిక్షా తెచ్చి మాబీని, అమ్మను ఎక్కించి, పక్కన నడిచాను. డాక్టరు మాబీని చూసి, "కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు ఉబ్బుతయ్, నిజమే. కానీ శుభ్రంగ ఉంచుకుంటే పన్ను ఒక్కటి సుత పోదు" అన్నాడు. పైపైన కొంచెం గార తీశాడు. నాకు చెప్పినవే ఆమెకూ చెప్పాడు. మాబీ నవ్వుతూ తలూపింది. అమ్మ మూలన స్టూలు మీద కూర్చుని అంతా వింటోంది.

తిరుగుదారిలో ఎండ ఎక్కువగా ఉంది. రిక్షా మెల్లగా పోతోంది. మా అమ్మకు నోట్లో ఒక్క పన్ను లేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె అన్నం మెదిపి మింగడమే చూశాను. ఆమె నావైపు తిరిగి, నెమ్మదిగా, మామూలు గొంతుతో అంది:

"నావి మీ ఇద్దరి కాన్పులకే పోయినయ్. బిడ్డను కంటే పండ్లు ఇచ్చుకోవాలె అని మా అత్త చెప్పింది. నేను నమ్మిన." మాబీ తలకు ఎండ తగలకుండా తన కొంగు కప్పింది. "పుక్కిలించనీకె మా ఇంటి ముంగట బాయి నిండ నీళ్ళుండె గదరా."